రంగస్థలమున వస్త్రము, వ్యక్తి: నాందేడు సీమనుండి ఒక పరిశీలనము

గోదావరీ తీరమందలి నాందేడు జిల్లా రెండు భాషల సంగమస్థానము. దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వటు ప్రాంతములలో తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. 1956 నవంబరు 1వ తేదీవరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. నాటి పునర్విభజనలో ముధోలు, భైంసా, కుభీరు భాగములును, దేగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ భాగములును ఆంధ్రప్రదేశమున చేరినవి. కిన్వటు తాలూకా, ఇస్లాపూరు భాగము ఆదిలాబాదునుండి విడివడి బొంబాయి రాష్ట్రమున చేరినవి. 1960 మే 1వ తేదీన ఏర్పడిన మహారాష్ట్రమున నాందేడు జిల్లా ఒక భాగమయ్యెను. పాలనము మారినను ప్రజల వినోదములు సరిహద్దు రేఖను పాటింపలేదు. ఒకే ఇంటివారు ఒక మాసమున తెలుగు యక్షగానమును, మరియొక మాసమున మరాఠీ తమాషాను చూచుచుండిరి. కనుక రంగస్థలమున, చలనచిత్రమున స్త్రీపురుషుల శరీరప్రదర్శనమును గూర్చి సమాజము ఏమి తలంచెనో తెలిసికొనుటకు ఈ సీమ యుక్తమైన స్థానము.

ఈ చరిత్రను పరిశీలించినచో ఒక విచిత్రము గోచరించును. నగ్నత్వమును గూర్చిన నిషేధములలో పెక్కింటికి గురియైనవారు నగ్నముగా ఉన్నవారు కారు. వారిలో అధికసంఖ్యాకులు ఆపాదమస్తకము వస్త్రము ధరించినవారే. మరియొక వంక, వస్త్రము లేని శరీరము అనేక సందర్భములలో ఎట్టి ఆక్షేపణమునకును లోనుగాలేదు. దీనిని బట్టి సమాజము కొలిచినది వస్త్రమును కాదనియు, వేదికపై నిలిచిన వ్యక్తిననియు తేలుచున్నది.

ప్రాచీనుల దృష్టి

దేగ్లూరు తాలూకాలోని హొట్టల్ గ్రామమున కల్యాణి చాళుక్యుల కాలమునాటి సిద్ధేశ్వరాలయము కలదు. దాని గోడలపై సురసుందరీ విగ్రహములు ఉన్నవి. దేహసౌష్ఠవమును దాచకుండ చెక్కిన ఆ ప్రతిమలను చూచుచు భక్తులు శతాబ్దులుగా ప్రదక్షిణము చేయుచున్నారు. కిన్వటు, మాహూరు అడవులలోను, వానికి ఆవల ఆదిలాబాదు ప్రాంతమునను గోండులు దీపావళి రోజులలో దండారీ ఆడుదురు. అందు గుస్సాడీ వేషధారి నెమలిపింఛముల కిరీటము ధరించి, బూడిద పూసిన అనాచ్ఛాదితమైన మేనితో నర్తించును. గ్రామస్థులు అతనిని దైవాంశగా భావించి నమస్కరింతురు. ఆ కళలో ప్రసిద్ధుడైన కనకరాజు 2021లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. ఈ రెండింటిలో దేనినిగాని ఎవరును అశ్లీలమని అనలేదు.

అయితే ప్రాచీనులు అన్నింటిని వేదికపై చూపవచ్చునని చెప్పిరా? చెప్పలేదు. భరతుని నాట్యశాస్త్రము ఈ విషయమున స్పష్టమైన నియమమును చేసినది. శయనము, చుంబనము, ఆలింగనము, నీవీబంధమును సడలించుట, జలక్రీడ మున్నగువానిని రంగమున ప్రత్యక్షముగా చూపరాదని అందు కలదు. అందులకు చూపిన కారణము గమనింపదగినది. తండ్రియు కుమారుడును, అత్తయు కోడలును కలిసి కూర్చుండి చూచునది నాటకము, కావున అట్టివి వర్జ్యములని శాస్త్రకారుని తాత్పర్యము. ఇందు శరీరము పాపమను మాట లేదు. నటీనటులు హీనులను మాటయు లేదు. సభామర్యాద ఒక్కటియే ప్రమాణము. శిల్పమునకు వర్తింపని నియమము నాటకమునకు ఏల వర్తించినదో దీనివలన బోధపడును. శిల్పము రాయి. వేదికపై ఉన్నది సజీవమైన మనుష్యప్రాణి.

ద్రౌపది వేదికపైకి వచ్చినపుడు

ఈ సభామర్యాదకు కఠినపరీక్ష పెట్టిన కథ మహాభారతమందలి వస్త్రాపహరణము. స్త్రీని నిండుసభలో వివస్త్రను చేయ యత్నించుటయే కథావస్తువు. దానిని చూపకున్న కథ లేదు, చూపినచో మర్యాద లేదు.

ఆధునిక తెలుగు రంగస్థలము ఏర్పడుటలో మరాఠీ ప్రాంతమునకు గల సంబంధము తెలిసినదే. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజము తెలుగు పట్టణములలో ప్రదర్శనము లీయగా, అవి మనవారిని నాటకరచనకును, సమాజస్థాపనకును పురికొల్పినవి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావు ఆధ్వర్యమున సురభి నాటక సమాజము పుట్టినది. ఆ కుటుంబములవారు తొలుత తోలుబొమ్మలాట ఆడినవారు. తమ పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చినవారని వారి ఐతిహ్యము. వారి ప్రథమ నాటకము ‘కీచకవధ’. అదియును ద్రౌపదీ పరాభవకథయే. సురభివారు స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ఆడించిరి. కుటుంబమంతయు ఒకే వేదికపై నటించుటవలన ప్రేక్షకుల దృష్టిలో ఆ స్త్రీలకు గృహిణీగౌరవము కొంతవరకు నిలిచినది.

మరాఠీ వేదికపై కృ. ప్ర. ఖాడిల్కరు 1907లో రచించిన ‘కీచకవధ’ వేరొక కారణమున ప్రసిద్ధి చెందెను. కీచకుని పాత్రలో కర్జను ప్రభువును, సైరంధ్రి పాత్రలో భారతదేశమును ప్రేక్షకులు దర్శించిరి. ప్రభుత్వము 1910లో దానిని నిషేధించెను. నాటకములను అదుపుచేయుటకు ఆంగ్లప్రభుత్వము 1876లోనే నాటక ప్రదర్శనముల చట్టమును తెచ్చియుండెను. రాజద్రోహమును, నీతిబాహ్యతను ఒకే చట్టములో కలిపి నిషేధించుట ఆ శాసనముయొక్క లక్షణము. స్వతంత్రభారతమున చిరకాలము నిలిచిన ఆ చట్టము 2018లో గాని రద్దు కాలేదు.

తెలుగు చలనచిత్రరంగమున 1936లో ఈ కథపైననే రెండు చిత్రములు పోటీగా వెలువడినవి. హెచ్. వి. బాబు దర్శకత్వమున వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో కన్నాంబ ద్రౌపదిగా నటించెను. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో సురభి కమలాబాయి ద్రౌపదిగాను, బళ్లారి రాఘవ దుర్యోధనుడుగాను నటించిరి. ఒక చిత్రము పేరులో అపహరణము, మరియొకదాని పేరులో సంరక్షణము ఉండుట ఆసక్తికరము. ఒకే సన్నివేశమును రెండు వైపులనుండి చూడవచ్చునని ఆ రెండు పేర్లే తెలుపుచున్నవి.

నాటకమున గాని, చిత్రమున గాని ఈ ఘట్టమునకు మన కళాకారులు చూపిన పరిష్కారము ఒక్కటియే. దుశ్శాసనుడు లాగుకొలది చీర పెరుగుచుండును, ద్రౌపది చేతులెత్తి మొరపెట్టుకొనుచుండును, చివరకు దుశ్శాసనుడు అలసి కూలును. ప్రేక్షకునికి కనబడునది శరీరము కాదు, తరుగని వస్త్రము. సభలోని పెద్దల మౌనమే అందు నిజమైన నగ్నత్వమని ప్రేక్షకుడు గ్రహించును.

స్త్రీవేషము ధరించిన పురుషులు

సురభివారివంటి కొందరిని మినహాయించినచో, నాటి సమాజములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించిరి. తెలుగున స్థానం నరసింహారావు (1902–1971), మరాఠీలో బాలగంధర్వుడు (1888–1967) ఇందు అగ్రగణ్యులు. స్థానమువారు 1956లో పద్మశ్రీ పొందిరి. బాలగంధర్వుడు కట్టిన చీరల తీరును కులస్త్రీలు అనుకరించిరని ప్రతీతి. శృంగారాభినయమును, స్త్రీదేహవిలాసమును పురుషుడు వేదికపై ప్రదర్శించినపుడు అది కళయని గౌరవింపబడెను. ఆ అభినయమునే వృత్తినర్తకి చేసినపుడు అది దుర్నీతి యనబడెను. వస్త్రము ఒక్కటే, అభినయము ఒక్కటే. భేదము వాటిని ధరించిన వ్యక్తియందు కలదు.

మాళెగాఁవు జాతర, లావణి

నాందేడు జిల్లా లోహా తాలూకాలో మాళెగాఁవు అను గ్రామము కలదు. అచ్చట మార్గశిరమున ఖండోబా యాత్ర జరుగును. ఖండోబా తెలుగువారి మల్లన్నయే. అందువలన సరిహద్దునకు ఆవలినుండియు భక్తులు వత్తురు. పశువుల సంతకును, తమాషాకును, లావణికిని ఆ జాతర పేరెన్నికగన్నది.

లావణి పేష్వాల కాలమున వృద్ధిపొందిన శృంగారగేయనృత్యము. రామజోషి, హోనాజీ బాళా మున్నగువారు దాని ప్రసిద్ధ రచయితలు. లావణి నర్తకి కట్టునది తొమ్మిది గజముల చీర. కచ్చ బిగించి, కాళ్లకు బరువైన గజ్జెలు కట్టి, కొంగు కప్పుకొని ఆమె నర్తించును. వేషమును బట్టి చూచినచో అది పొలమున పనిచేయు ఇల్లాలి చీరకట్టు కంటె భిన్నము కాదు. అయినను భారతీయ వేదికపై అశ్లీలమను నిందను దానివలె మోసిన కళలు అరుదు.

స్వాతంత్ర్యానంతరము బి. జి. ఖేరు మంత్రివర్గ కాలమున బొంబాయి ప్రభుత్వము అశ్లీలమను కారణమున తమాషాను నిషేధించెను. కళాకారుల జీవనోపాధికి భంగము కలుగగా, పిదప నిషేధమును తొలగించి, ప్రదర్శనమునకు ముందు రచనను పరిశీలించు మండలిని 1954లో నెలకొల్పెను. అప్పటికి నాందేడు హైదరాబాదు రాష్ట్రమున ఉన్నందున బొంబాయి శాసనము ఇచ్చట వర్తింపలేదు. 1956లో రాష్ట్రము మారుటతో ఈ జిల్లా వేదికలును ఆ పరిశీలనకు లోబడినవి. తమాషాలో సందర్భానుసారముగా అప్పటికప్పుడు కల్పించు సంభాషణయే ప్రాణము. ముందుగా వ్రాసి ఆమోదము పొందుమనుట ఆ ప్రాణమును బంధించుటయే.

ఈ కళను పోషించిన స్త్రీలు అధికముగా కొల్హాటీ, మాంగు, మహారు కులములలో జన్మించినవారు. విఠాబాయి నారాయణగాఁవ్‌కరు (1935–2002) తమాషాలో సాటిలేని కీర్తి గడించి, 1957లోను 1990లోను రాష్ట్రపతి పురస్కారములు పొందెను. పురస్కారము ఒక చేతను, నింద మరియొక చేతను అందించుట ఈ కళాకారిణుల జీవితమున నిత్యానుభవము. 1972లో వి. శాంతారాం నిర్మించిన ‘పింజరా’ చిత్రమున తమాషా నర్తకి వలన ఆదర్శ ఉపాధ్యాయుడు పతనమగుట కథ. ప్రేక్షకులు ఆ చిత్రమందలి లావణులను మెచ్చుకొనిరి. కథ మాత్రము పాత నిందకే రూపము కల్పించెను.

సరిహద్దునకు ఈవల

తెలుగునాట ఇదే చరిత్ర భోగముమేళము విషయమున జరిగినది. కందుకూరి వీరేశలింగము మొదలగు సంస్కర్తలు వేశ్యానాట్యమును తీవ్రముగా నిరసించిరి. 1893లో మద్రాసు సంఘసంస్కరణవాదులు ఇట్టి నాట్యప్రదర్శనములకు హాజరు కావలదని రాజప్రతినిధిని, గవర్నరును అర్థించిరి. 1947లో మద్రాసు దేవదాసీ నిరోధచట్టము వచ్చెను. 1956లో ఆంధ్రమున జరిగిన సవరణతో వివాహాది శుభకార్యములలోని మేళములును నిషేధపరిధిలోనికి వచ్చినవి. కలావంతులు వస్త్రాలంకారములతో, సంగీతసాహిత్యములతో సభలను రంజింపజేసినవారు. వారిపై వచ్చిన అభియోగము వస్త్రలోపము కాదు.

సంస్కర్తల ఆవేదన నిరాధారమని చెప్పుటకు వీలులేదు. బాలికలను దేవునిపేర అర్పించి, భూస్వాముల భోగమునకు అప్పగించుట నిజముగా జరిగిన అన్యాయము. ఖండోబాకు మురళీలను అర్పించుటయు, నిజామాబాదు ప్రాంతమున జోగినులను చేయుటయు ఆ అన్యాయముయొక్క రూపములే. బొంబాయిలో 1934లోను, ఆంధ్రప్రదేశమున 1988లోను దీనిపై చట్టములు చేయవలసివచ్చెను. అర్పణమును నిషేధించుట న్యాయము. కాని నాట్యమును నిషేధించి, ఆ స్త్రీకి వేరొక జీవనాధారము చూపకుండుట న్యాయము కాదు. మేళమును పిలిపించిన ధనికుని పేరు ఏ నిందలోను చేరలేదు. నాట్యము మాత్రము క్రమముగా అగ్రకులస్త్రీల చేతికి మారి శాస్త్రీయకళగా గౌరవమును పొందినది.

చలనచిత్రము, న్యాయస్థానము

చలనచిత్రములకు 1918లో తొలి చట్టము వచ్చెను. 1951లో కేంద్ర పరిశీలక మండలి ఏర్పడెను. 1952 చట్టము నేటి విధానమునకు మూలము. 1968లో నియమింపబడిన ఖోస్లా సంఘము మరుసటి సంవత్సరము నివేదిక సమర్పించుచు, కథకు అవసరమైనచో చుంబనమును గాని, నగ్నదేహమును గాని కేవలము అవి ఉన్నవను కారణమున నిషేధింపరాదని అభిప్రాయపడెను. 1970లో ఖ్వాజా అహమ్మద్ అబ్బాసు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు ముందస్తు పరిశీలనను సమర్థించినను, కామప్రస్తావనయు అశ్లీలతయు ఒకటి కావని స్పష్టపరచెను.

1972లో విజయ్ తెండూల్కరు రచించిన ‘సఖారాం బైండర్’ మరాఠీ వేదికపై కలకలము రేపెను. కమలాకర్ సారంగు దర్శకుడు. లాలన్ సారంగు చంపా పాత్రను ధరించెను. చంపా ప్రేక్షకుల ఎదుట చీర మార్చుకొను ఘట్టము ఆక్షేపణలకు గురియైనవానిలో ఒకటి. కొన్ని ప్రదర్శనల పిదప పరిశీలక మండలి పెక్కు కోతలను విధింపగా, దర్శకుడు న్యాయస్థానమున పోరాడి నాటకమును కాపాడుకొనెను. అందు దేహప్రదర్శనము కన్న, మధ్యతరగతివారు చూడనొల్లని జీవితము వేదికపైకి వచ్చుటయే అధికముగా బాధించినదని చెప్పవచ్చును.

నిజమైన నగ్నత్వము న్యాయస్థానమునకు వచ్చినది శేఖర్ కపూర్ తీసిన ‘బాండిట్ క్వీన్’ చిత్రముతో. ఫూలన్ దేవిని వివస్త్రను చేసి, గ్రామస్థుల ఎదుట నడిపించి, నూతినుండి నీరు తోడించిన దృశ్యము అందున్నది. ఢిల్లీ హైకోర్టు ప్రదర్శనానుమతిని రద్దుచేయగా, 1996లో సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించెను. ఆ దృశ్యము కామమును గాక, బాధితురాలిపై కరుణను, దుండగులపై జుగుప్సను కలిగించునని న్యాయమూర్తులు భావించిరి. యూదుల వధను చూపిన ‘షిండ్లర్స్ లిస్ట్’ చిత్రమును ఉదాహరించిరి. ద్రౌపది కథను వినుచు పెరిగిన జాతికి ఈ తర్కము క్రొత్తది కాదు.

అయితే ఇందొక లోపము కలదు. ఫూలన్ దేవి అప్పటికి సజీవురాలు. తన సమ్మతి లేకుండ తన మానభంగమును తెరపై పునఃప్రదర్శించిరని ఆమె 1994లో న్యాయస్థానమును ఆశ్రయించెను. అనంతరము రాజీ కుదిరెను. రచయిత్రి అరుంధతీ రాయ్ సైతము ఆనాడు ఈ ప్రశ్ననే లేవనెత్తెను. కళాప్రయోజనము ఎంత ఉన్నతమైనను, దేహము ఎవరిదో వారి అనుమతి లేనిచో ఆ ప్రదర్శనము రెండవ పరాభవమగును.

నిన్న మొన్నటి సంగతులు

2005లో మహారాష్ట్ర ప్రభుత్వము పానశాలలలోని నాట్యమును నిషేధించెను. మూడు నక్షత్రముల హోటళ్లకు, అంతకు మించినవానికి మినహాయింపు నిచ్చెను. ధనికుల ఎదుట ఆడినచో కళ, సామాన్యుల ఎదుట ఆడినచో దుర్నీతి యను ఈ విభజనను బొంబాయి హైకోర్టు 2006లోను, సుప్రీంకోర్టు 2013లోను తిరస్కరించినవి. ఉపాధి కోల్పోయిన నర్తకులలో పలువురు మరింత దుస్స్థితికి లోనైరని సుప్రీంకోర్టు గుర్తించెను. తిరిగి 2016లో చేసిన చట్టముయొక్క కొన్ని నియమములను 2019లో సుప్రీంకోర్టు కొట్టివేసెను.

కోస్తా జిల్లాల జాతరలలోని రికార్డింగు డాన్సులు ఇట్టి సమస్యయే. సినిమాపాటలకు ఆడవచ్చిన పేదబాలికలను నిర్వాహకులు, ప్రేక్షకులు ధనమాశచూపియు బెదిరించియు వస్త్రములు విడిపించుట ఉన్నది. పోలీసుల దాడి జరిగినపుడు తలవంచుకొని నిలిచినది ఎక్కువగా ఆ బాలికలే. డబ్బు విసిరినవారు చీకటిలో కలిసిపోయిరి. ఇది కౌరవసభకు ప్రతిరూపము. అయితే ఇచ్చట శిక్ష ద్రౌపదికి పడుచున్నది.

ఉపసంహారము

పై చరిత్రనుండి తేలు సారాంశమిది. భరతుడు చెప్పిన సభామర్యాద నేటికిని అవసరమే. పిల్లలతో కలిసి చూచు వేదికకు ఒక నియమము, వయోజనులు తెలిసి ఎన్నుకొను ప్రదర్శనమునకు మరియొక నియమము ఉండుట సమంజసము. 2023లో చలనచిత్ర చట్టమునకు జరిగిన సవరణ ఏడు, పదమూడు, పదునారు సంవత్సరముల వయోభేదములను ఏర్పరచినది. ఇది ఆ ప్రాచీనసూత్రమునకు సన్నిహితమైన మార్గము. కాని మర్యాద పేరిట కులమును, వృత్తిని, పేదరికమును శిక్షించుట మర్యాద కాదు.

నిండుసభలో ద్రౌపది అడిగినది వస్త్రమును గూర్చిన ప్రశ్న కాదు. తన్ను తాను ఓడిన భర్తకు తన్ను ఒడ్డుటకు అధికారమెక్కడిదని ఆమె అడిగెను. భీష్మద్రోణాదులు దానికి సమాధానము చెప్పలేకపోయిరి. మాళెగాఁవు జాతరలో తొమ్మిది గజముల చీర కట్టి ఆడిన లావణి నర్తకి, మేళము మూతపడిన నాటి కలావంతురాలు, తెరపై తన కథను తానే చూడవలసివచ్చిన ఫూలన్ దేవి సైతము సమాజమును అడుగుచున్నది ఆ ప్రశ్ననే. ఈ దేహముపై నిర్ణయాధికారము ఎవరిది? గోదావరికి ఇరువైపుల నున్న తెలుగు, మరాఠీ ప్రజలు వేదికయందలి నగ్నత్వమును విచారించునపుడు, చీర పొడవును కొలుచుటకు ముందు ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుట శ్రేయస్కరము.